లాఠీ దెబ్బకు సాక్ష్యం ఎవరి దగ్గర ఉంటుంది?

అందరికీ నమస్కారం. కొత్తగా కోర్టుకు వెళ్తున్న న్యాయవాదులు, పౌరహక్కుల పనిలో ఉన్నవాళ్లు, లా చదువుతున్న పిల్లలు, అందరూ ఇక్కడ ఉన్నారు. పోలీసులు చట్టం దాటితే ఏం చేయాలి అన్న మాట ఎత్తగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరికి ఫిర్యాదు చేయాలి? దానికి జవాబు చెప్తాను. కానీ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. జరిగినదానికి ఆధారం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇంకా ఎన్ని రోజులు ఉంటుంది?

దొంగతనం జరిగితే ఆధారాలు సేకరించేది పోలీసులు. స్టేషన్‌లో మనిషిని కొడితే? స్టేషన్‌లో రోజూ జరిగేవి నమోదు చేసే జనరల్ డైరీ రాసేది వాళ్లే. అరెస్టు మెమో వాళ్లదే. సీసీ కెమెరా రికార్డింగు ఉండే డబ్బా స్టేషన్ ఇన్‌చార్జి అయిన ఎస్‌హెచ్‌ఓ గదిలోనో, పక్క గదిలోనో ఉంటుంది. చూసినవాళ్లు ఎవరంటే అదే స్టేషన్ కానిస్టేబుళ్లు, లేదా లాకప్‌లో ఉన్న మరో నిందితుడు. నిందితుడి ఇంట్లోనే ఆధారాలన్నీ దాచిపెట్టి, తాళం కూడా అతని చేతికే ఇచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. 1995లో శ్యాంసుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కస్టడీ హింసలో ప్రత్యక్ష సాక్ష్యం దొరకడం చాలా అరుదు, తోటివాడిని కాపాడుకోవడానికి పోలీసులు నోరు మెదపరు, కాబట్టి వాస్తవ పరిస్థితి చూడకుండా ప్రతి అనుమానానికీ అతీతంగా రుజువు కావాలని అతిగా పట్టుబడితే న్యాయం జరగదు అని. అంతకు పదేళ్ల ముందే, 1985లో, లా కమిషన్ తన 113వ నివేదికలో ఒక సవరణ సూచించింది. కస్టడీలో ఉన్న మనిషికి గాయమైతే, ఆ గాయం ఆ కస్టడీలో ఉంచుకున్న అధికారే చేశాడని కోర్టు భావించవచ్చు, కాదని చూపించుకోవలసింది ఆ అధికారే అని. ఆ సవరణ ఇప్పటికీ చట్టం కాలేదు. 2024 జులై 1న కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినప్పుడు కూడా అందులో దీనికి చోటు దొరకలేదు.

కాబట్టి రుజువు భారం మన మీదే ఉంది. ఆ రుజువు పుట్టేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. ఇవాళ నా మాటల్లో ఎక్కువ భాగం ఆ రోజుల గురించే.

మొదట టైము. అక్రమం ఎక్కువగా జరిగేది ఎక్కడంటే, మనిషిని ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లిన గంటకూ, కాగితం మీద అరెస్టు చూపించిన గంటకూ మధ్య. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం మినహాయించి. కానీ ఆ గడియారం తిరగడం మొదలయ్యేది స్టేషన్ రికార్డులో రాసిన గంట నుంచి. సోమవారం రాత్రి తీసుకెళ్లి, గురువారం ఉదయం బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నాం అని రాస్తే, రికార్డు ప్రకారం అంతా చట్టబద్ధమే. ఆ మధ్య మూడు రోజులూ ఆ మనిషి ఎక్కడున్నాడో కాగితానికి తెలియదు. కొట్టేది ఆ మూడు రోజుల్లోనే.

అందుకని తీసుకెళ్లిన వెంటనే స్టేషన్ బయట ఒక గుర్తు పడాలి. ఇంట్లోవాళ్లు 100కో 112కో ఫోన్ చేసి, ఫలానా మనిషిని ఫలానా స్టేషన్ వాళ్లు తీసుకెళ్లారు, కారణం చెప్పలేదు అని చెప్పాలి. ఆ కాల్ టైముతో సహా నమోదవుతుంది. ఎస్పీకి లేదా కమిషనర్‌కు ఈమెయిలు, వాట్సాప్ సందేశం పంపాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక కాపీ. వీధిలో దుకాణాల కెమెరాలు ఉంటే ఆ రోజే వెళ్లి అడగాలి, చాలా దుకాణాల్లో వారం పది రోజులకు పాతది చెరిగిపోతుంది. జీపు నంబరు, వచ్చినవాళ్లు ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా లేదా, ఇవన్నీ ఆ రాత్రే ఒక కాగితం మీద రాసి తేదీ వేసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత గుర్తు చేసుకుని చెప్పిన మాటకూ, ఆ రాత్రి రాసిన కాగితానికీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో చాలా తేడా ఉంటుంది.

సెల్ టవర్ వివరాలు కూడా పనికొస్తాయి. కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం కంపెనీల లైసెన్సు షరతులు మార్చారు. తీసుకెళ్లినవాడి ఫోనూ, తీసుకెళ్లిన ఎస్‌ఐ ఫోనూ ఒకే రాత్రి ఒకే దారిలో కదిలితే, గురువారం బస్టాండు కథ నిలబడదు. అయితే టవర్ లొకేషన్ గది గుమ్మం దాకా చూపించదు, ప్రాంతం మాత్రమే చూపిస్తుంది. అవతలి మనిషి రికార్డును మనం నేరుగా తెచ్చుకోలేం, కోర్టు ద్వారానే తెప్పించాలి. అందుకే వాటిని భద్రపరచమని మొదటి పిటిషన్‌లోనే అడగాలి.

హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే పిటిషన్ గురించి ఒక మాట. పిటిషన్ వేశామని తెలియగానే ఆ సాయంత్రమే అరెస్టు చూపించి హాజరుపరుస్తారు, అప్పుడు పిటిషన్ ముగుస్తుంది. వృథా అయిందని చాలామంది అనుకుంటారు. కాదు. మనిషి కస్టడీలో ఉన్నాడని మీరు హైకోర్టుకు చెప్పిన తేదీ, టైము కోర్టు రికార్డులో ఉండిపోయాయి. అరెస్టు మెమోలో టైము దాని తర్వాతిది అయితే, రేపు అదే మీ మొదటి ఆధారం.

విచారణకే పిలిచాం, అరెస్టు చేయలేదు అనే మాట తరచూ వింటాం. సాక్షిగా పిలవాలంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 179 సెక్షన్ కింద రాతపూర్వకంగా పిలవాలి. మహిళలను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను వాళ్లు ఉంటున్న చోటే విచారించాలి. నిందితుడిగా పిలిస్తే 35(3) నోటీసు ఇవ్వాలి, మనం ఇన్నాళ్లూ 41ఏ నోటీసు అన్నది అదే. నోటీసు లేకుండా రమ్మన్నారంటే, ఏ నోటీసు కింద రావాలో చెప్పండి అని మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోయినా ఆ మెసేజ్ మీ దగ్గర ఉంటుంది.

అరెస్టు మెమో సంగతి మీకు తెలిసిందే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పులో అరెస్టుల గురించి చెప్పిన పదకొండు నియమాల్లో అది ముఖ్యమైనది, ఇప్పుడు సురక్షా సంహితలోకి కూడా వచ్చింది. తేదీ, టైము, కుటుంబ సభ్యుడో స్థానిక పెద్దమనిషో సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం. ఎక్కడ చెడుతుందంటే, టైము గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టించుకుంటారు. సాక్షిగా వచ్చినవాళ్లు సంతకం పక్కన తాము సంతకం పెట్టిన టైము వేయాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఖాళీ గడిని తర్వాత ఎలా నింపినా పక్కనున్న ఆ అంకె వదలదు.

ఇక డాక్టరు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే. రిమాండుకు ముందు మనిషిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తారు. పక్కన ఎస్కార్టు కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. డాక్టరు బీపీ చూసి, గాయాలేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. ఆ మనిషి లేవంటాడు. కొట్టినవాళ్ల జీపులోనే మళ్లీ ఎక్కాలి కదా. బాహ్య గాయాలు లేవు, రిమాండుకు తగిన స్థితిలో ఉన్నాడు అని చీటీ వస్తుంది. రెండేళ్ల తర్వాత కోర్టులో మొదట ఆ చీటీనే చూపిస్తారు.

పోలీసులు వినిపించనంత దూరంలో ఉండగా పరీక్ష చేయమని డాక్టరును అడగవచ్చు, అడగాలి. చొక్కా మాత్రమే విప్పించి చూస్తే సరిపోదు. పిరుదులు, తొడల వెనుక భాగం, అరికాళ్లు చూడాలి. అరికాళ్ల మీద కొడితే చర్మం మందంగా ఉండటం వల్ల పైకి పెద్దగా కనిపించదు, కానీ నడక మారుతుంది, లోపల వాపు ఉంటుంది. నిలబెట్టి నాలుగు అడుగులు నడిపించి చూసి, ఆ సంగతి రాయాలి. లాఠీ దెబ్బకు చాలాసార్లు రైలు పట్టాల్లాగా రెండు సమాంతర గీతలు పడతాయి, మధ్యలో తెల్లగా ఉంటుంది. కింద పడితే అలా రావు. కాబట్టి కమిలిన గాయం అని ఒక్క మాట రాస్తే చాలదు. పొడవు, వెడల్పు, ఆకారం, ఏ వైపు, ఎన్ని అన్నవి రాయాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. లోతుగా తగిలిన దెబ్బ రంగు ఒకటి రెండు రోజుల తర్వాత గానీ పైకి తేలదు. మొదటి పరీక్షలో ఏమీ లేదని తేలినా రెండో పరీక్ష అడగాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి పరీక్ష చేయించాలని డి.కె. బసు తీర్పే చెప్తోంది. రంగును బట్టి గాయం ఇన్ని గంటల నాటిదని కచ్చితంగా చెప్పలేరు. అలా చెప్పమని డాక్టరును ఒత్తిడి చేస్తే ఆ సాక్ష్యమే బలహీనపడుతుంది.

చాలామంది మరిచిపోయే కాగితం ఒకటుంది. జైలు అడ్మిషన్ రికార్డు. కొత్తగా వచ్చిన ఖైదీ ఒంటి మీద గాయాలుంటే జైలు అధికారులు రాసుకుంటారు. రాయకపోతే రేపు ఆ గాయాలు జైల్లో అయ్యాయని నింద వాళ్ల మీద పడుతుంది. స్టేషన్ వాళ్ల ప్రయోజనమూ జైలు వాళ్ల ప్రయోజనమూ ఒకటి కాని చోటు అది. ఆసుపత్రి చీటీలో గాయాలు లేకుండా, కొన్ని గంటల తర్వాత జైలు రిజిస్టరులో నాలుగు గాయాలుంటే, ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించాలి. జైలు డాక్టరు రాసినదాన్ని భద్రపరచమని మొదటి వారంలోనే మేజిస్ట్రేటుకు మెమో వేయండి.

మేజిస్ట్రేటు దగ్గరికి వద్దాం. కస్టడీలో హింస జరిగిందా అని అడగడం, వైద్య పరీక్ష హక్కు ఉందని చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యత అని 1983లోనే షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జరిగేది వేరు. రద్దీ కోర్టులో రిమాండు అర నిమిషంలో అయిపోతుంది. మేజిస్ట్రేటు అడగకపోయినా నిందితుడు చెప్పవచ్చు. ఉత్తినే కొట్టారు అంటే రికార్డులో ఒక వాక్యం పడుతుంది, అంతే. ఎవరు, ఏ గదిలో, ఏ రోజు ఏ పూట, దేనితో, ఎక్కడ కొట్టారు అని చెబితే ప్రతి మాటా తర్వాత సరిచూసుకోవడానికి పనికొస్తుంది. పేరు తెలియకపోతే పొడుగు, వయసు, అతన్ని తోటివాళ్లు ఏమని పిలిచారో చెప్పాలి. న్యాయవాది ఉంటే అప్పటికప్పుడు చేత్తో రాసిన మెమో ఇవ్వాలి. పోలీసు కస్టడీకి పంపేటప్పుడు ప్రతిసారీ మనిషిని స్వయంగా హాజరుపరచాల్సిందే, వీడియోలో చూపించి సరిపెట్టడానికి వీల్లేదు.

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు చనిపోయిన ఘటనలో రిమాండు ఇచ్చిన తీరు మీదే తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ కేసు నుంచి ఇంకో పాఠం ఉంది. మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ పంపిన మేజిస్ట్రేటు స్టేషన్‌కు వెళ్లి చూస్తే, హార్డ్ డిస్కులో చోటు ఉన్నా, కెమెరా రికార్డింగు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా సెట్టింగు పెట్టి ఉంది. అక్కడ నిజం బయటికి రావడానికి ముఖ్య కారణం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ చెప్పిన సాక్ష్యం.

ఆ ఏడాదే డిసెంబరు 2న సుప్రీంకోర్టు నుంచి పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు వచ్చింది. ప్రతి స్టేషన్‌లో గేటు, వరండాలు, లాకప్పులు, వాటి బయట, ఇన్‌స్పెక్టరు గది, ఎస్‌ఐ గది, డ్యూటీ ఆఫీసరు గది, వెనుక భాగం, అన్నిటా కెమెరాలు ఉండాలి. మాట వినిపించాలి, రాత్రిపూట కనిపించాలి. రికార్డింగు 18 నెలలు ఉంచాలి, అంత సాధ్యం కాకపోతే ఏడాదికి తగ్గకూడదు. పనిచేసేలా చూసే బాధ్యత ఎస్‌హెచ్‌ఓది. హక్కుల ఉల్లంఘన జరిగితే ఆ ఫుటేజీని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉంది.

కాగితం మీద ఇది గొప్ప తీర్పు. అమల్లో ఏమవుతుంది? కావాల్సిన రోజునే కెమెరా చెడిపోయింది అంటారు. లేదా మనిషిని స్టేషన్‌కే తీసుకురారు, ఎక్కడో గెస్ట్ హౌసులోనో పాత క్వార్టర్సులోనో ఉంచుతారు. కాబట్టి కాపీ కోసం రాసే దరఖాస్తులో లాకప్ ఫుటేజీ ఒక్కటే అడగకండి. మూడు విషయాలు అడగండి. ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ కెమెరా ఫుటేజీ అన్నది ఒకటి. చెడిపోయిందంటే ఆ సంగతి జిల్లా పర్యవేక్షణ కమిటీకి ఎస్‌హెచ్‌ఓ ఎప్పుడు తెలియజేశాడు, మరమ్మతు ఎవరు చేశారు అన్న రికార్డు రెండోది. నిజంగా చెడిపోతే ముందే ఒక లేఖ ఉంటుంది. లేఖ లేదంటే అదే ప్రశ్న అవుతుంది. కెమెరా రికార్డింగు డబ్బా, అంటే డీవీఆర్, గడియారం సరిగ్గా ఉందా అన్నది మూడోది. గడియారం నలభై నిమిషాలు వెనుక ఉంటే ఫుటేజీ అంతా వాదనలకు ఎర అవుతుంది. కాపీ ఇచ్చేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం 63 సెక్షన్ సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా తీసుకోవాలి. దరఖాస్తు ఎస్‌హెచ్‌ఓకు, ఎస్పీకి, మేజిస్ట్రేటుకు ఒకే రోజు వెళ్లాలి. సమాచార హక్కు కింద అడిగితే, ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినది కాబట్టి 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7(1) పేర్కొంటూ రాయండి.

మనిషి చనిపోతే పనులు ఇంకా తొందరగా చేయాలి. సురక్షా సంహిత 196 సెక్షన్ కింద మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో సమాచారం వెళ్లాలన్నది 1993 నుంచీ ఉన్న ఆదేశం. శవపరీక్ష వీడియో తీయాలి. కుటుంబం మీద దహనానికి ఒత్తిడి వస్తుంది, వాహనం పెడతారు, ఖర్చులు ఇస్తామంటారు. అనుమానం ఉంటే దహనం వద్దు. దహనం అయ్యాక రెండో శవపరీక్ష ఉండదు. అదే రోజు హైకోర్టులో అత్యవసరంగా వినమని లంచ్ మోషన్, సెలవైతే జడ్జి ఇంటి దగ్గర వినమని హౌస్ మోషన్ వేసి, రెండో శవపరీక్ష, ఒంటి మీది బట్టలు భద్రపరచడం అడగాలి. చాలాసార్లు పోగొట్టేది ఆ బట్టలనే.

ఇప్పుడు, ఎవరికి ఫిర్యాదు చేయాలి. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, స్పీడ్ పోస్టు రసీదు దాచాలి. ఆ తర్వాత 175(3) కింద మేజిస్ట్రేటుకు, అఫిడవిట్‌తో. ఎస్పీకి పంపిన రుజువు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. విధి నిర్వహణలో చేసిన పని మీద ప్రభుత్వోద్యోగిపై ఫిర్యాదు అయితే, కొత్తగా వచ్చిన 175(4) ప్రకారం పై అధికారి నివేదికనూ, ఆ ఉద్యోగి వాదననూ ముందు చూడాలి. అంటే ఎఫ్ఐఆర్ కంటే ముందే నిందితుడికి మన ఆధారాలేమిటో తెలిసిపోతాయి. ఫుటేజీ భద్రపరచమన్న ఆదేశం అంతకుముందే తెచ్చుకోవాలని నేను నొక్కి చెప్పేది ఇందుకే.

ఎఫ్ఐఆర్ వచ్చాక సెక్షన్లు చూడండి. నేరం ఒప్పించడానికి కొట్టడం, పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 120 కింద వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. తీవ్రగాయమైతే పదేళ్ల దాకా. మామూలు గాయం సెక్షన్‌తో సరిపెడితే అభ్యంతరం చెప్పాలి. దర్యాప్తు అదే స్టేషన్‌కు, అదే సబ్ డివిజన్‌కు ఇవ్వకూడదని అడగాలి. విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో 2007 ఆగస్టులో ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై చేసిన అత్యాచార ఆరోపణల కేసు 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టులో ముగిసింది. నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. దర్యాప్తు అధికారులు నిష్పక్షపాతంగా దర్యాప్తు చేయలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలంది కోర్టు. నిందితులను బాధితులు గుర్తుపట్టే పరేడ్ కూడా దర్యాప్తులో జరపలేదు. దాదాపు పదహారేళ్లు ఆ మహిళలు కోర్టుల చుట్టూ తిరిగారు. మొదటి రోజుల్లో చేయని పనిని ఆ పదహారేళ్లలో ఎవరూ పూడ్చలేకపోయారు.

తర్వాతి అడ్డంకి అనుమతి. సురక్షా సంహిత 218 సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసు తీసుకోలేదు, ఆ పని విధిలో భాగమైతే. కొట్టడం విధి ఎలా అవుతుందని మీరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. కానీ 2020లో దేవరాజ కేసులో సుప్రీంకోర్టు, విధిని మించి చేసిన పనికైనా విధితో సహేతుకమైన సంబంధం ఉంటే అనుమతి కావాలంది. ఈ వాదనతోనే ఏళ్లు గడిచిపోతాయి. కొత్త చట్టంలో ఒక మేలు ఉంది. అనుమతి కోరిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆ రోజులు లెక్కపెట్టేది అభ్యర్థన ప్రభుత్వానికి అందిన తేదీ నుంచి, కాబట్టి ఆ తేదీకి రుజువు ఉంచుకోండి.

శాఖాపరమైన చర్య గురించి భ్రమలు వద్దు. సస్పెండ్ చేశారు, పోస్టింగు ఇవ్వకుండా వీఆర్‌లో పెట్టారు, హెడ్ క్వార్టర్సుకు అటాచ్ చేశారు అని పేపర్లో వస్తుంది. ఇవేవీ శిక్షలు కావు. సస్పెన్షన్‌లో భత్యం వస్తుంది, విచారణ తేలకపోతే మళ్లీ ఉద్యోగంలోకి వస్తారు. అసలు అడగాల్సింది ఛార్జ్ మెమో ఇచ్చారా, విచారణాధికారి ఎవరు, బాధితుడిని సాక్షిగా పిలిచారా అని. శాఖా విచారణలో రుజువు స్థాయి క్రిమినల్ కేసు కంటే తక్కువ, కాబట్టి అది గట్టిగా జరిగితే ఫలితం ఉంటుంది. జరగనివ్వరు, అంతే.

పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపైన రాష్ట్ర అథారిటీ. చాలాచోట్ల ఏళ్ల తరబడి లేవు, వచ్చాక కూడా సొంత దర్యాప్తు సిబ్బంది లేకపోతే మళ్లీ పోలీసు నివేదిక మీదే ఆధారపడతాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయవచ్చు, ఫీజు లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు, కాబట్టి రెండింటికీ ఒకేసారి పంపి రెంటికీ చెడకండి. రెండూ సిఫార్సే చేస్తాయి. పరిహారం విషయంలో 1993 నాటి నీలబతి బెహెరా తీర్పు దారి వేసింది, ఒక తల్లి రాసిన ఉత్తరాన్నే రిట్‌గా తీసుకుని లక్షన్నర ఇప్పించారు. ఆ డబ్బు ఖజానా నుంచి వస్తుంది. అధికారి జీతం నుంచి వసూలు చేయాలని పిటిషన్‌లో కోర్టును కోరే ప్రార్థన భాగంలో విడిగా అడగకపోతే అతనికి రూపాయి నష్టం ఉండదు.

విచారణ కమిషన్ వేస్తే న్యాయం జరిగినట్టేనా? 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీ అనే మహిళపై అత్యాచారం, ఆమె భర్త మృతి మీద జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులంది. కేసు రాయచూరు కోర్టుకు మారాక అందరూ విడుదలయ్యారు. కమిషన్ ముందు ఒక మనిషి ఇచ్చిన వాంగ్మూలాన్ని అతని మీదే కోర్టులో వాడటానికి 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం 6వ సెక్షన్ ఒప్పుకోదు. దిశ కేసు నిందితులు చనిపోయిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ మీద సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది, పది మంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలంది. కమిషన్ నడుస్తున్నా సరే, క్రిమినల్ కేసుకు కావాల్సిన ఆధారాలను విడిగా, అదే సమయంలో సేకరించాలి.

చివరగా, ఫిర్యాదు చేసినవాళ్ల మీద వచ్చే కేసు. విధులకు ఆటంకం కలిగించారని న్యాయ సంహిత 132 కింద, తరచూ అదే సాయంత్రం కడతారు. అందుకే మొదట చెప్పిన ఫోన్ కాల్, ఈమెయిలు టైము ఇక్కడ మళ్లీ పనికొస్తాయి. ఎవరి ఫిర్యాదు ముందు వెళ్లిందో అవే చెప్తాయి. బెదిరింపులు వస్తే 2018 నాటి సాక్షి రక్షణ పథకం కింద దరఖాస్తు చేయండి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని చూస్తుంది, ముప్పు ఎంత ఉందో తేల్చే నివేదిక ఐదు పనిదినాల్లో రావాలి. ఆ నివేదిక రాసేది ఎవరో తెలుసా? ఆ సబ్ డివిజన్ డీఎస్పీ లేదా ఏసీపీ. నిందితులు అతని కింద పనిచేసేవాళ్లే అయితే, నివేదిక వేరే సబ్ డివిజన్ అధికారితో రాయించమని దరఖాస్తు మొదటి పేరాలోనే అడగండి. సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చే కానిస్టేబుల్ ఎవరైనా ఉంటే, ఆ దరఖాస్తు ముందు ఆ మనిషి పేరున వేయండి.